లేని నౌకకు సరుకులు

1971లో విశాఖ తీరాన పన్నిన వల.. స్మార్ట్‌ఫోన్ల కాలపు దేశభద్రతకు అందులో ఉన్న పాఠం

1971 నవంబరులో మద్రాసు నౌకాదళ కార్యాలయానికి విశాఖపట్నం నుంచి ఒక ఫోన్ వచ్చింది. చేసింది తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఎత్తింది మద్రాసు నౌకాదళ బాధ్యుడు కెప్టెన్ డక్‌వర్త్. విమానవాహక నౌక విక్రాంత్ విశాఖ దగ్గర్లో ఉందని, త్వరలోనే మద్రాసు వస్తుందని, రేవులో గట్టును ఆనుకుని నిలిచే చోటు కోసం పోర్టు ట్రస్టుతో మాట్లాడాలని, సరుకుల కాంట్రాక్టర్లను సిద్ధంగా ఉండమనాలని కృష్ణన్ వరసగా చెప్పుకుంటూ పోయారు. యుద్ధం ముంచుకొస్తున్న రోజులవి. దేశానికి ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక ఎక్కడుందో, ఎటు వెళ్తుందో కమాండ్ అధిపతే మామూలు టెలిఫోన్ లైనులో బయటపెడుతున్నారు. తనకు మతి పోయిందనే డక్‌వర్త్ అనుకున్నారని కృష్ణన్ తన జ్ఞాపకాల్లో రాశారు.

ఆ ఫోన్‌లో చెప్పిన మాటలు నిజానికి డక్‌వర్త్ కోసం కావు. చాటుగా వినేవాళ్ల కోసం. విక్రాంత్ మద్రాసుకు రాలేదు, రావాల్సిన పనీ లేదు. దాని దారి అండమాన్ దీవుల వైపు. రేవులో చోటు సిద్ధమైతే, కాంట్రాక్టర్లు మాంసానికీ కూరగాయలకూ బేరాలు మొదలుపెడితే, బజారులో ఆ మాట పాకుతుంది. బజారులో పాకిన మాట కరాచీ దాకా పోతుందన్నది కృష్ణన్ లెక్క.

నేపథ్యం క్లుప్తంగా ఇదీ. తూర్పు పాకిస్తాన్‌లో 1971 మార్చి నుంచి సాగిన అణచివేత, భారత్‌కు పోటెత్తిన శరణార్థులు, డిసెంబరు 3 సాయంత్రం భారత వైమానిక స్థావరాలపై పాకిస్తాన్ దాడి, పదమూడు రోజుల యుద్ధం, డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు, బంగ్లాదేశ్ పుట్టుక. అక్కడి సముద్రం మీద భారత్ పని తూర్పు పాకిస్తాన్ తీరాన్ని దిగ్బంధం చేయడం. ఆ పని విక్రాంత్ మీదున్న విమానాలది. విక్రాంత్‌కేమో ఒక బాయిలర్ పగిలి ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. నెమ్మదిగా కదిలే విమానవాహక నౌకకు జలాంతర్గామిని మించిన శత్రువు లేదు. పాకిస్తాన్ దగ్గర అరేబియా సముద్రం నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి వేటాడగల జలాంతర్గామి ఘాజీ ఒక్కటే.

చమురు పట్టించిన ఆచూకీ

ఘాజీ వస్తుందని కృష్ణన్ ఎలా పసిగట్టారు? ఏ గూఢచారీ వచ్చి చెప్పలేదు. పాకిస్తాన్ నౌకాదళం చిట్టగాంగ్‌లోని తన అధికారులకు పంపిన ఒక సందేశం భారత శ్రవణ కేంద్రాలకు చిక్కింది. ఒక రకం లూబ్రికేటింగ్ ఆయిల్ అక్కడ దొరుకుతుందా అని అందులో వాకబు. ఆ ఆయిల్‌ను వాడేవి జలాంతర్గాములు, మైన్‌స్వీపర్లు మాత్రమే. జలాంతర్గామి రానిచోట జలాంతర్గామి నూనెతో పనేముంది? ఒక స్టోర్‌కీపర్ అడగాల్సిన ప్రశ్నతో కరాచీ రహస్యం బయటపడింది.

వల పన్నడానికి కృష్ణన్ అదే తర్కాన్ని తిరగేశారు. శత్రువు సరుకుల అడుగుజాడ వదిలితే తనకు తెలిసిపోయింది. తానూ సరుకుల అడుగుజాడే వదిలితే శత్రువు నమ్ముతాడు. ఈ పనికి ఆయన ఎంచుకున్న నౌక రాజ్‌పుత్. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ డెస్ట్రాయర్, సేవ నుంచి తప్పుకునే రోజులు దగ్గరపడ్డ ముసలి ఓడ. దాన్ని విశాఖకు 160 మైళ్ల దూరంలో నిలిపి విక్రాంత్‌లా నటించమన్నారు. విమానవాహక నౌకకు తగ్గట్టుగా వైర్‌లెస్ సందేశాల రద్దీ సృష్టించాలి, వందలమంది సిబ్బందికి సరిపడా రేషన్ అడగాలి.

వీటన్నిటి మధ్య ఇంకో సందేశం ఉంది. విక్రాంత్‌లో పనిచేసే నావికుడు ఒకడు, జబ్బుపడిన తన తల్లి ఎలా ఉందో కనుక్కోమని అడిగినట్టుగా, సంకేత భాష లేకుండా మామూలు మాటల్లో పంపినది. నావికుడూ లేడు, జబ్బుపడ్డ తల్లీ లేదు. యుద్ధకళ మీద వచ్చిన పెద్ద గ్రంథాల్లో ఇలాంటి కాగితానికి చోటు దొరకదు. ఈ మొత్తం ఉదంతంలో అన్నిటికన్నా పదునైన ఆయుధం మాత్రం అదేనేమో. సంకేత భాషలో ఉన్న సందేశాన్ని శత్రువు అనుమానిస్తాడు. తల్లి కోసం బెంగపడి ఒక కుర్రాడు నిబంధన తప్పాడంటే అనుమానించడు. తన నౌకల్లోనూ అలాంటి కుర్రాళ్లు ఉంటారని శత్రువుకు తెలుసు.

నవంబరు 25 నాటి సందేశం

ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. సింహళాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చి 23న మద్రాసు దగ్గర వెతికింది. అప్పటికి విక్రాంత్ ఆ దరిదాపుల్లో లేదు. ఆ తర్వాత కరాచీ నుంచి ఘాజీకి అందిన సందేశం ఒకటి భారత నౌకాదళ చరిత్రలో నమోదైంది. దాని తేదీ నవంబరు 25. విక్టర్ అనే సంకేతనామం ఉన్న ప్రాంతానికి, అంటే విశాఖకు, వెంటనే చేరుకోవాలన్నది ఆదేశం. విమానవాహక నౌక రేవులోనే ఉన్నట్టు సమాచారం అందిందన్నది దానికి చూపిన కారణం.

రెండే రెండు వాక్యాల ఆ సందేశం దగ్గర కాసేపు ఆగాలి. మొదటిది ఆజ్ఞ. రెండోది కృష్ణన్ కల్పించిన అబద్ధం. మద్రాసు ఫోన్, రాజ్‌పుత్ రేషన్ పట్టీలు, లేని తల్లి జబ్బు, వీటిలో ఏ ఒక్కటి పనిచేసిందో, అన్నీ కలిసి పనిచేశాయో చెప్పడం కష్టం. అబద్ధం మాత్రం శత్రువు ప్రధాన కార్యాలయం దాకా వెళ్లి, అక్కడి ముద్ర వేయించుకుని, సొంత జలాంతర్గామికి ఆదేశంగా తిరిగొచ్చింది. ఘాజీ కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ తప్పు చేయలేదు. వచ్చిన ఆదేశాన్ని పాటించాడు, అనుకున్న చోటికి చేరుకున్నాడు. తప్పు జరిగింది కరాచీలో. నౌకను కళ్లారా చూసినవాడు ఎవరని అడక్కుండా, చుట్టూ చేరిన ఆనవాళ్లను చూసి నౌక ఉందని తేల్చేశారు. ఒకే చేతి నుంచి వచ్చిన నాలుగు కబుర్లను నాలుగు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టారు. నిఘా సంస్థలు ఇప్పటికీ పడే గుంత ఇదే. కబుర్లు ఎన్ని వచ్చాయన్నది కాదు, అవి ఎన్ని చోట్ల నుంచి వచ్చాయన్నది లెక్క.

తిరిగొచ్చిన రాజ్‌పుత్ డిసెంబరు 3 రాత్రి విశాఖ రేవులో ఇంధనం నింపుకుని, దీపాలు ఆర్పుకుని బయటికి కదిలింది. రేవు ముఖద్వారం దాటాక ముందువైపు నీళ్లు చీలినట్టు కాపలాదారు చెప్పాడు. రాజ్‌పుత్ సారథి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నౌకను అటు తిప్పి రెండు డెప్త్ చార్జిలు వదిలి, ఏమీ కనిపించక ముందుకు సాగిపోయారు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి విశాఖలో కిటికీ అద్దాలు అదిరేంత పేలుడు వినిపించింది. తెల్లారాక జాలర్లు నీటి మీద తేలుతున్న చమురును, శిథిలాలను చూసి నౌకాదళానికి కబురు చెప్పారు. డైవర్లు దిగి ఘాజీని గుర్తించారు. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. విక్రాంత్ విమానాలు అప్పటికే కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు మొదలుపెట్టాయి.

ఎలా మునిగింది?

రాజ్‌పుత్ డెప్త్ చార్జిలే ముంచాయన్నది భారత్ మాట. ఘాజీ తాను పరిచిన మైన్ మీదికే వెళ్లిందని, లేదా లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ మాట. ముందుభాగం లోపలి నుంచి బద్దలైన తీరు చూసి లోపలి పేలుడు వాదన వైపు మొగ్గే భారతీయులూ ఉన్నారు. డెప్త్ చార్జిల వేళకూ పేలుడు వేళకూ మధ్య ఉన్న తేడా ఆ అనుమానానికి బలమిస్తుంది. ఈ వివాదంలో ఎటు తేలినా కృష్ణన్ పనితనం తగ్గదు. ఘాజీని విశాఖ ముంగిట్లోకి తెచ్చింది ఆయన ఎరే.

2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో రానా నటించిన ‘ఘాజీ’ సినిమా ఈ పేరును తెలుగు ఇళ్లకు చేర్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా అందుకుంది. అందులోని రెండు జలాంతర్గాముల పోరాటం కల్పన, అధికారిక చరిత్రలో అది లేదు. తెర మీద టార్పెడోలు బాగానే కనిపిస్తాయి, రేషన్ పట్టీ కనిపించదు. అసలు కథలోని తెలివి మాత్రం ఆ పట్టీలోనే ఉంది.

డాల్ఫిన్స్ నోస్ నీడలో

విశాఖ రేవుకు కాపలా కాస్తున్నట్టుండే కొండ పేరు డాల్ఫిన్స్ నోస్. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం ఒక గూఢచర్య కేసుకు ఆ పేరే పెట్టింది. కేంద్ర నిఘా సంస్థలతో, నౌకాదళ నిఘా విభాగంతో కలిసి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసింది. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆడవాళ్ల పేర్ల చాటున పాకిస్తాన్ నిఘా వర్గాలు వలపు వల విసిరాయని, నౌకల, జలాంతర్గాముల రాకపోకల సమాచారం ఆ దారిన బయటికి పోయిందని అభియోగం. ఆ నెలాఖరుకు నౌకాదళం తన స్థావరాల్లో, యుద్ధనౌకల్లో స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది.

కృష్ణన్ కల్పించిన ఒంటరి నావికుడు అప్పుడు కాగితం మీది బొమ్మ. ఇప్పుడు అతను నిజంగా ఉన్నాడు. ఇంటికి దూరంగా, చేతిలో ఫోనుతో, పలకరించేవాళ్ల కోసం చూస్తున్న కుర్రాడు. అతని బెంగను శత్రువు పసిగట్టాడు. భారత అణు జలాంతర్గాములు అరిహంత్, అరిఘాత్ పుట్టిన ఊరు విశాఖ. అక్కడ ఒక సీమన్ సెలవు ఎందుకు రద్దయిందన్నది కూడా నిఘా సమాచారమే. నిషేధాలు అవసరమే. కానీ ఒంటరితనాన్ని ఏ ఉత్తర్వూ రద్దు చేయలేదు. ఇంటికి మాట్లాడుకునేందుకు నమ్మకమైన ఏర్పాటు, పై అధికారితో భయం లేకుండా చెప్పుకునే వీలు లేకపోతే ఆ ఖాళీలోకి ఇంకెవరో వస్తారు. భద్రతా బడ్జెట్లలో ఈ పద్దు ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది.

ఇలా దెబ్బతిన్నది భారత్ ఒక్కటే కాదు. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్ తన వినియోగదారులు పరుగెత్తిన దారులన్నీ ఒకే పటం మీద వెలిగించి చూపితే, అఫ్గానిస్తాన్, సిరియా ఎడారుల్లోని సైనిక స్థావరాల రూపురేఖలు 2018 జనవరిలో అందులో బయటపడ్డాయి. 2023 కొత్త సంవత్సరం రాత్రి ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో రష్యా సైనికుల బస మీద రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారని ఒప్పుకున్న రష్యా రక్షణశాఖ, సైనికులు విచ్చలవిడిగా సెల్‌ఫోన్లు వాడటమే దానికి ప్రధాన కారణమని చెప్పింది.

ఎర ఇప్పుడు పారుతుందా?

1971 ఎత్తును ఉన్నదున్నట్టుగా మళ్లీ వేయడం కుదరదు. విమానవాహక నౌక ఏ రేవులో ఉందో వాణిజ్య ఉపగ్రహాల చిత్రాలు కొనుక్కున్న ఎవరికైనా తెలుస్తుంది. రాజ్‌పుత్ వైర్‌లెస్‌లో విక్రాంత్‌గా చెలామణి కాగలిగింది గానీ పైనుంచి చూస్తే డెస్ట్రాయర్ డెస్ట్రాయరే. పైగా అప్పట్లో నోటిమాటగా సాగిన సరుకుల బేరం ఇప్పుడు ఆన్‌లైన్ టెండరుగా, ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక జీఈఎం పోర్టల్‌లో కొనుగోలుగా నమోదవుతుంది. అవినీతిని అరికట్టే పారదర్శకత అది, వదులుకోకూడనిది. ఏ స్థావరానికి ఏ సరుకు ఎంత, ఎప్పటికి అన్న వివరం కొనేవారికి ఎంత పనికొస్తుందో, దూరంగా కూర్చుని లెక్కగట్టేవారికీ అంతే పనికొస్తుంది. టెండరు రాసే గుమాస్తాకు ఈ ఎరుక ఇవ్వడం నౌకాదళ శిక్షణలో భాగం కావాలి.

మారనిది ఒకటుంది. జలాంతర్గామిని ఉపగ్రహం నీళ్లలో చూడలేదు. దాని జాడ ఇంకా గట్టు మీదే దొరుకుతుంది. నూనె పీపాల్లో, రద్దయిన సెలవుల్లో, కుటుంబాల వాట్సాప్ కబుర్లలో.

ఖుక్రీ

అదే 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కథ అడ్డం తిరిగింది. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ పంపిన రేడియో సందేశాల వల్ల దాని జాడ భారత్‌కు తెలిసింది. వేటకు ఖుక్రీ, కిర్పాణ్ యుద్ధనౌకలు వెళ్లాయి. ఆచూకీ సరైనదే, వెళ్లిన నౌకల సోనార్ మాత్రం హంగోర్‌కు సాటిరాలేదు. డిసెంబరు 9 రాత్రి డియూ దగ్గర ఖుక్రీ మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. విశాఖ విజయాన్ని చెప్పుకునేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం సరికాదు. సమాచారం ఉన్నంత మాత్రాన గెలుపు రాదు, దానికి తగ్గ పనిముట్టు కావాలి.

కాగితాల సంగతి

ఈ కథలో చాలా భాగం అధికారుల జ్ఞాపకాల మీద, నౌకాదళం రాయించుకున్న చరిత్ర మీద ఆధారపడినదే. ఘాజీ మునకకు సంబంధించిన దస్త్రాలు నౌకాదళం దగ్గర కనిపించడం లేదని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. 1962 చైనా యుద్ధంలో ఓటమిపై 1963లో అందిన హెండర్సన్ బ్రూక్స్-భగత్ నివేదిక నేటికీ అధికారికంగా బయటికి రాలేదు. కార్గిల్ సమీక్షా సంఘం యుద్ధ దస్త్రాలను బయటపెట్టాలని గట్టిగానే సిఫార్సు చేసింది. చివరికి 2021 జూన్‌లో రక్షణశాఖ ఒక విధానం ప్రకటించింది. యుద్ధం ముగిసిన ఐదేళ్లలో దాని చరిత్ర సిద్ధం కావాలి, దస్త్రాలపై గోప్యత మామూలుగా 25 ఏళ్లలో తొలగాలి.

ఆ లెక్కన 1971 కాగితాల గడువు 1996లోనే దాటింది. ఘాజీ శిథిలాన్ని 2024లో నౌకాదళపు జలాంతర్గామి రెస్క్యూ వాహనం సముద్రం అడుగున మళ్లీ గుర్తించింది. ఇక పరిశోధకులకు అందాల్సినవి రాజ్‌పుత్ ఆ నెలలో పంపిన సందేశాల రిజిస్టరు, డిసెంబరు మొదటివారపు డైవర్ల నివేదికలు, ఘాజీలో దొరికిన కాగితాల జాబితా. పేలుడు లోపలిదా బయటిదా అన్న వాదన కూడా తేలాల్సింది వాటితోనే.