కొండదారికి ఏ పంట్లాము? – కుందలహళ్ళిలో మాకు తెలిసివచ్చిన సంగతి

బెంగుళూరు నగరమునకు తూర్పుదిక్కున, వైట్‌ఫీల్డు పోవు దారిలో కుందలహళ్ళి అను పేట యున్నది. పేరునుబట్టి చూడగా పల్లె. ఊరిచెరువు నేటికిని యున్నది. కాని చుట్టును మేడలు లేచినవి. కంప్యూటరు కంపెనీలలో పనిచేయు యువకులు ఎందరో అచ్చట కాపురమున్నారు. 2023 మార్చిలో మెట్రోరైలు కూడ వచ్చి, కుందలహళ్ళి పేరనే ఒక స్టేషను వెలసినది. టీకొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర తెలుగుమాట వినబడుచునే యుండును. మనవారు ఇందరున్నచోట మన గుడ్డకు గిరాకి యుండకపోదని తలచి, 2024 ఆగస్టు 7వ తేదీని, జాతీయ చేనేత దినమున, అచ్చటి ఒక అపార్టుమెంటు ఆవరణలో మా సంఘము తరపున దుకాణము పెట్టినాము.

చీరెలు, తువ్వాళ్ళు, దుప్పట్లు అమ్ముటకు పోయిన మాకు అచ్చట ఒక క్రొత్త బేరము తగిలినది. అనంతపురము వైపు కుర్రవాడొకడు వచ్చి, "అన్నా, కొండలెక్కేదానికి ప్యాంటు కుట్టిచ్చుకోవల్ల. గట్టి గుడ్డ ఏమన్నా ఉందా?" అని అడిగినాడు. మా దగ్గర దళసరి ఖాకీరంగు నూలుగుడ్డ ఒక తాను మిగిలియున్నది. "ఎండకైనా వానకైనా దీనికి తిరుగులేదు, తీసుకో తమ్ముడూ" అని చెప్పి, రెండుంబావు మీటర్లు కత్తిరించి యిచ్చినాము. బాగుంటే తన స్నేహితులు పదిమందికి కూడ తీసుకొందునని చెప్పి పోయినాడు.

మరుసటి సంవత్సరము అదే దినమున, అదే ఆవరణలో మరల దుకాణము పెట్టినాము. ఆ కుర్రవాడు ఒక సంచితో వచ్చి, కుట్టించిన పంట్లాము తీసి మా బల్లమీద పెట్టినాడు. కోపము చేయలేదు. జరిగినది చెప్పినాడు. జూలైలో స్నేహితులతో కలిసి పడమటి కనుమలలో కొడచాద్రి కొండకు పోయినాడట. పొద్దున మొదలైన వాన సాయంత్రమువరకు ఆగలేదు. పంట్లాము నీరుత్రాగి బరువెక్కి నడుమునుండి జారుచుండెను. మోకాలు వంచబోవ చర్మమునకు అంటుకొనెను. తొడలు ఒరుసుకొని పుండ్లుపడెను. రాత్రి బసకు చేరినతరువాత కూడ ఆరలేదు. "వణుకు ఆపుకోలేకపోతి అన్నా. మా వాళ్ళ ప్యాంట్లన్నీ గంటలో ఆరిపోయినాయి, నాదొక్కటే తెల్లారినా తడే" అన్నాడు.

గుడ్డ తన గుణము తాను చూపినది. లేని గుణమును అంటగట్టి అమ్మినవారము మేము. రావలసిన పదిమంది బేరము పోయినదని విచారించుటకంటె, ఆ రాత్రి చలి ముదిరియున్న యేమగునో యని మాకు ఎక్కువ గుబులైనది. తిరిగివచ్చినతరువాత ఈ సంగతిని మా నేతగాండ్రతోను, దర్జీలతోను, కొండలెక్కు యువకులతోను చర్చించినాము. తెలిసినదానిని సోదరసంఘములవారికి మనవి చేయుచున్నాము.

మొదట పోగుయొక్క స్వభావము. మామూలు గాలితేమలో నూరుపాళ్ళ బరువుగల పొడినూలు సుమారు 8.5 పాళ్ళ తేమను పీల్చి పట్టుకొనును. ఉన్ని 16 పాళ్ళవరకు, నైలాను 4 పాళ్ళు, పాలియెస్టరు అరపాలుకంటె తక్కువ. అందుచేతనే వేసవిలో నూలు హాయి, పాలియెస్టరు ఉక్క. చెమటను త్రాగి, మెల్లగా ఆరి, ఒంటిని చల్లపరచుటయే నూలుగుడ్డ గొప్పతనము. వానలో ఆ గొప్పతనమే శత్రువగును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని లాగివేయును. తడిగుడ్డ ఒంటికంటియుండి, పైన కొండగాలి వీచినచో ఒంటి వేడి తోడివేసినట్లు పోవును. ఉన్ని సంగతి వేరు. అది తేమను లోపలికి పీల్చుకొన్నను, నలిగి అణగిపోక నడుమ గాలిని నిలుపుకొనును గనుక తడిసినను కొంత వెచ్చన యిచ్చును. ఇది మనకు క్రొత్త విద్య కాదు. తెలంగాణలోను రాయలసీమలోను గొర్రెలకాపరి దక్కనీ గొర్రె నల్లయున్నితో నేసి, చింతగింజల గంజిపెట్టిన గొంగడిని కొప్పెరగా కప్పుకొని వానలో మందవెంట తిరుగుట మన పెద్దలందరు చూచినదే. వానకు గొంగడి, ఎండకు నూలుపంచె అని వానికి తెలిసినంత మాత్రము దుకాణములో కూర్చున్న మాకు తెలియకపోయెను.

ఖాకీరంగును చూచి మేము మోసపోయితిమి. ఆ రంగుకు అడవితో పాతచుట్టరికమున్నది. ధూళి అను అర్థముగల మాటనుండి పుట్టిన ఈ రంగును 1840ల చివర పెషావరు వైపు గైడ్సు దళమువారు ధరించిరి. మన దక్షిణదేశములో మంగుళూరు బాసెల్ మిషను నేతశాలలో జాన్ హాలర్ 1850ల ప్రాంతమున ఖాకీ అద్దకము సాగించెనని ప్రసిద్ధి. వేటగాండ్ర కాలములో మెకముల కంటబడకుండుటకు మట్టిరంగు ముఖ్యము. బెంగుళూరు నివాసియైన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) మన మామండూరు, చామల అడవులలో పులులవెంట తిరిగిన కథలు వ్రాసినది ఆ కాలపు సంగతులే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేట నిషిద్ధమైనది. నేడు కొండకు పోవువాడు తుపాకి లేక, నీళ్ళసీసాతో పోవుచున్నాడు. వానికి దాగవలసిన పనిలేదు. లేతరంగు పంట్లామైనచో ప్రాకివచ్చు జలగ, పిడుదు వెంటనే కనబడును. ఎండలో నలుపుకంటె చల్లన.

ఇక కొనదలచినవారికి ఏమి చెప్పవలెను? మొదట "ఏ కొండ, ఏ నెల?" అని అడుగవలెను.

పొడియెండలో బండరాళ్ళ కొండలకు – సావనదుర్గము, కోలారు అంతరగంగ, మన భువనగిరి వంటివానికి – నూలుపంట్లాము నిశ్చింతగా ఇయ్యవచ్చును. అయితే పలుచని గుడ్డ పనికిరాదు, రాయి గీచినచో చిరుగును. చదరపు మీటరుకు 170 మొదలు 200 గ్రాముల బరువుగల బిగువైన డ్రిల్లు నేత చాలును. జీన్సు గుడ్డ సామాన్యముగా 400 గ్రాములు, అంతకుమించియు నుండును. అది తడిసినచో ఎంత భారమగునో యోచించుడు. కుందలహళ్ళి కుర్రవాండ్రు పలువురు జీన్సుతోనే కొండకు బయలుదేరుట చూచినాము. వారికి వద్దని చెప్పుట కూడ మన ధర్మమే.

వానకాలములో పడమటి కనుమలకు పోవువారికి నూలు ఇయ్యరాదు. తేలికయైన నైలానుగాని పాలియెస్టరుగాని, కొంచెము సాగు గుణము గలది, త్వరగా ఆరునది కొనుమని చెప్పవలెను. నాలుగు చుక్కల నీరు గుడ్డపై వేసి చూడుమనుడు. చుక్క ముత్యమువలె నిలిచి జారినచో పైన పూత గలదు, పరచుకొన్నచో లేదు. ఈ పూతలలో కొన్ని ఫ్లోరిను రసాయనములు నేలలోను నీటిలోను చెడక నిలిచిపోవునని తేలినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2025 జనవరినుండి దుస్తులలో వానిని నిషేధించుట మొదలుపెట్టినది. కావున అట్టి రసాయనము లేదని చీటీమీద వ్రాసినది ఎంచుకొనుట మేలు. పూర్తిగా నీరు చొరని పంట్లాము లోపలి చెమటను సులువుగా పోనీయదు. దానిని సంచిలో ఉంచుకొని, పెద్దవానలో మాత్రము పైన తొడుగవలెను.

చలివేళకు, అనగా వేకువజామున నందికొండ (1,478 మీటర్లు) ఎక్కువారికిని, హిమాలయములకు పోవువారికిని, లోపల సన్నని ఉన్ని తొడుగు, పైన గాలినాపు బిగువైన గుడ్డ ఉండవలెను. ఒక దళసరి గుడ్డకంటె రెండు పలుచని వరుసలు మేలు. వేడియైనప్పుడు ఒకటి విప్పవచ్చును.

కుట్టు సంగతి కూడ గుడ్డంత ముఖ్యము. మన పైజామాకు తొడలనడుమ అతికెడు ముక్క వంటిది పంట్లామునకు కూడ అతికినచో, పెద్ద అడుగు వేసినపుడు కుట్టు పిగులదు, తొడ ఒరయదు. మోకాలివద్ద కొంచెము వదులు, చీలమండవద్ద బిగువు ఉండవలెను. జేబులకు మూత, వెనుక జేబునకు జిప్పు అవసరము. కొనునపుడు అద్దముముందు నిలిచి చూచినంత చాలదు. గొంతుక్కూర్చుండవలెను, కుర్చీపై ఒక కాలు పెట్టి లేవవలెను. నడుము జారక, మోకాలు పట్టక యున్నచో అది కొండకు పోవును.

ఇందులో మన మగ్గమునకు చోటెక్కడ? వానపంట్లాము మిల్లులకు వదలుకొన్నను, మనకు మిగిలినది తక్కువ కాదు. మొదటిది, పొడికాలపు డ్రిల్లు. రెండుపోగుల 40వ నెంబరు పడుగు, 20వ నెంబరు పేక, అంగుళమునకు 84 పడుగుపోగులు, 56 పేకపోగులు పెట్టి నాలుగు కాలిపలకలతో ట్విల్లు నేసినచో పైన చెప్పిన బరువు వచ్చును. నేసిన గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, గంజిపోవ ఉతికి, ఆరవేసిన తరువాతనే అమ్మవలెను. లేనిచో కుట్టించినతరువాత కుదించుకొనిపోయి చెడ్డపేరు తెచ్చును.

రెండవది, జలగ మేజోళ్ళు. కనుమలలో జలగలు అల్లిక మేజోళ్ళ కన్నములలోనుండి కరచును. అందుచేత బిగువైన నూలుగుడ్డతో మోకాలివరకు సంచివలె కుట్టి, పంట్లాము కాలిని లోపలికి దోపి, పైన త్రాడు బిగింతురు. దీనికి కావలసినది సందులేని సాదానేత. అది మన చేతిలోనిదే. జతకు గుడ్డ కొంచెమే పట్టును. తానుచివరి ముక్కలు కూడ చెల్లును. తడిసినను మోకాలి దిగువనే గనుక ప్రమాదము లేదు.

మూడవది, బిగువు నేతకు గల శక్తి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మాంచెస్టరు షిర్లీ పరిశోధనాలయమువారు, సముద్రములో కూలిన విమానచోదకులకొరకు, పొడుగు పింజ ప్రత్తితో అతిబిగువుగా వెంటైల్ అను గుడ్డను నేయించిరి. తడిసినప్పుడు పోగులు ఉబ్బి సందులు మూసుకొనుటచేత నీరు లోపలికి చొరకుండెను. 1953లో ఎవరెస్టు శిఖరమును తొలిసారి ఎక్కిన బృందమువారు గాలినాపు పైదుస్తులకు నూలును నైలానును కలిపి నేసిన గుడ్డ వాడిరి. చేతిమగ్గముమీద ఆ బిగువంతయు రాదు. కాని నూలుపడుగు, నైలానుపేకతో ప్రయోగము చేయుటకు మనకు అడ్డేమి? నూలుగుడ్డను సబ్బునీటిలో నానబెట్టి పిండి, పటికనీటిలో ముంచి ఆరవేసినచో చిరుజల్లు కొంతసేపు జారిపోవుట పాతకాలపు ఉపాయమే. ఉతుకులలో అది పోవును గనుక మరల చేయవలెను. ఈ మాట కూడ కొన్నవారికి చెప్పియే అమ్మవలెను.

మా సంఘములో ఇప్పుడొక నియమము పెట్టుకొన్నాము. పంట్లాము గుడ్డ ప్రతి తానుకు ఒక చీటీ కట్టుదుము. అందులో నూలు నెంబరు, చదరపు మీటరు బరువు, కుదింపు తీసినదా లేదా, ఏ వాతావరణమునకు పనికివచ్చును, దేనికి పనికిరాదు అను అయిదు మాటలుండును. చివరి మాట వ్రాయుటకు మా పాలకవర్గములో కొందరు మొదట జంకినారు. "మన సరుకు వానకు పనికిరాదని మనమే వ్రాసుకొందుమా?" అన్నారు. వ్రాయకున్న కొడచాద్రిలో వాన వ్రాసిపెట్టినది కదా అని మేము జవాబు చెప్పినాము.

ఆ కుర్రవానికి పంట్లాము వెల తిరిగి యియ్యబోగా పుచ్చుకొనలేదు. "ఎండాకాలం సావనదుర్గానికి ఏసుకుంటాలే అన్నా, దానికి బాగుంటాది" అని మరల సంచిలో పెట్టుకొన్నాడు. జలగ మేజోళ్ళు కుట్టినచో పది జతలు తనకు పంపుమన్నాడు. పోయిన బేరము వేరొక రూపమున తిరిగివచ్చినది. ఆ పది జతలకు గుడ్డ ఇప్పుడు మా మగ్గముమీద నున్నది.

పట్టణములలో దుకాణములు పెట్టు సంఘములవారు ఈ చీటీ పద్ధతిని తమ పాలకవర్గములలో చర్చింతురని, తమ అనుభవములను ఈ పత్రికకు వ్రాసి పంపుదురని మా మనవి.