కళ్లెదుట లేని పనికి కొలతే కాపలా
ముల్కనూరు సహకార సంఘాలు చెబుతున్న పాఠం

హనుమకొండ నుంచి ఎల్కతుర్తి మీదుగా హుస్నాబాద్ వెళ్లే దారిలో ముల్కనూరు ఉంది. భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాల విభజనతో వరంగల్ అర్బన్ జిల్లాలో చేరింది. 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండగా మారింది. జిల్లా ఏదైనా, సహకారం అనగానే రాష్ట్రమంతా ముందుగా చెప్పుకునే పేరు ముల్కనూరే.

1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో ఇక్కడ రైతుల సహకార సంఘం ఏర్పడింది. అప్పు ఇవ్వడంతో ఆగకుండా ఎరువులు, విత్తనాలు అందించడం, పంట కొనడం కూడా చేపట్టింది. 2002లో మహిళల సహకార డెయిరీ మొదలైంది. దాని పాలు 'స్వకృషి' పేరుతో అమ్ముడవుతాయి. సభ్యులు మహిళలే, పాలకవర్గమూ మహిళలదే.

ఈ రెండు సంఘాల్లోనూ ఒక విశేషం ఉంది. పని చేసేవారు ఒకచోట ఉండరు. రైతు తన పొలంలో ఉంటాడు. పాలు పిండే ఇల్లాలు తన కొట్టంలో ఉంటుంది. పక్కన నిలబడి చూసే మేస్త్రీ లేడు, గంట కొట్టే ఫ్యాక్టరీ లేదు. అయినా పని జరగాలి, సరుకు నాణ్యంగా రావాలి. కళ్లెదుట లేనివారితో పని చేయించడం ఎలా?

కంపెనీలకూ అదే చిక్కు

ఈ ప్రశ్న 2020లో పెద్ద పెద్ద కంపెనీలకు ఎదురైంది. ఆ ఏడాది జనవరిలోనే మడికొండలో ఐటీ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. రెండు నెలలు తిరగకముందే కరోనా వచ్చింది. మార్చిలో లాక్‌డౌన్ పెట్టడంతో ఆఫీసులకు తాళాలు పడ్డాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో పని చేసే యువతీ యువకులు సొంత ఊళ్లకు చేరారు. సిగ్నల్ కోసం మిద్దెలెక్కి కంప్యూటర్లు ముందేసుకుని కూర్చున్నారు.

పై అధికారులకు మొదట వచ్చిన అనుమానం ఒకటే. వీళ్లు నిజంగా పని చేస్తున్నారా? కొన్ని కంపెనీలు ఉద్యోగి కంప్యూటరు ముందు ఎంతసేపు ఉన్నాడో లెక్కించే సాధనాలు పెట్టాయి. కూర్చున్న సేపు తెలిసింది గానీ, పని ఎంతయిందో దానివల్ల తెలియదు. నమ్మకం లేదన్న సంగతి మాత్రం ఉద్యోగికి తెలిసిపోతుంది.

మనిషిని కనిపెట్టి ఉండటం కన్నా పనిని కొలవడం మేలు. ఈ సంగతి విత్తనాలు పండించే రైతుకూ, పాలు పోసే ఇల్లాలికీ కొత్త కాదు.

విత్తన వరి లెక్క

ముల్కనూరు రైతులు విత్తన వరి సాగులో పేరు తెచ్చుకున్నారు. మామూలు వరికీ విత్తన వరికీ తేడా ఉంది. పక్క పొలంలోని వేరే రకానికీ విత్తన పొలానికీ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. పొలంలో వేరే రకం మొక్క కనిపిస్తే పీకేయాలి. వీటినే మన వైపు బెరుకులంటారు. పూత దశలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి పొలమంతా తిరిగి ఏరాలి. ఎత్తు, ఆకు రంగు, వెన్ను తీరు చూసి పోల్చుకోవాలి.

ఈ పని రైతు చేశాడో లేదో రోజూ వెళ్లి చూసేవారెవరూ ఉండరు. అందుకే కొలత ముందే చెబుతారు. ధ్రువీకరణ పొందే వరి విత్తనంలో కనీసం 80 శాతం మొలక రావాలి. తేమ 13 శాతం మించరాదు. తనిఖీకి వచ్చేవారు పంట ముఖ్యమైన దశల్లో పొలానికి వస్తారు. లోపం ఉంటే అప్పుడే చెబుతారు, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. అన్నీ సరిగా ఉంటే విత్తనం ధర వస్తుంది. లేకుంటే అదే పంట మామూలు వడ్ల ధరకు పోతుంది.

ఇందులో దాపరికం లేదు. ఏది మంచిదో, ఏది చెడ్డదో నాటు వేయక ముందే రైతుకు తెలుసు.

పాలకు గడియారమే యజమాని

పాలది మరో తీరు. మన ఎండలకు పిండిన పాలు కొద్ది గంటల్లోనే పులుస్తాయి. త్వరగా శీతలీకరణ కేంద్రానికి చేర్చి 4 డిగ్రీల దాకా చల్లబరచాలి. వ్యాను ఊరికి వచ్చే వేళకు పాలు సిద్ధంగా ఉండాలి. ఒకరి కోసం వ్యాను ఆగితే దారిలోని ఊళ్లన్నింటికీ ఆలస్యం. ఒక్క క్యాను పులిసిన పాలు ట్యాంకరులో కలిస్తే మిగతా పాలూ విరిగే ప్రమాదం ఉంది. ఒకరి పొరపాటు ముఖం తెలియని వందల మందికి నష్టం తెస్తుంది.

అందుకే పాల సంఘాల్లో పరీక్ష ఊళ్లోనే, పోసినవారి ఎదుటే జరగాలన్నది పద్ధతి. వెన్న శాతం, వెన్న కాని ఘన పదార్థాల శాతం చూస్తారు. గేదె పాలలో వెన్న 6 శాతానికి అటూ ఇటూగా, ఆవు పాలలో 4 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఎన్ని లీటర్లు, ఎంత వెన్న, ఎంత ధర అన్నది రాసి చేతికిస్తారు. ఒక గేదె ఉన్నవారికీ, పది గేదెలు ఉన్నవారికీ ఒకే యంత్రం, ఒకే లెక్క. నీళ్లు కలిపితే దొంగ అని ఎవరూ నింద వేయనక్కర లేదు, అంకె తగ్గుతుంది.

ఈ కొలత లేనప్పుడు ఏమయిందో గుజరాత్ రైతులకు తెలుసు. 1946లో ఖేడా జిల్లా రైతులు దళారులిచ్చే ధర గిట్టక 15 రోజులు పాలు పోయడం మానేశారు. త్రిభువన్‌దాస్ పటేల్ ఆధ్వర్యంలో సొంత సంఘం పెట్టుకున్నారు. 1949లో వర్ఘీస్ కురియన్ వచ్చి చేరారు. అదే అమూల్‌గా ఎదిగింది. వేలాది ఊళ్ల పాలు ఒకచోటికి చేరడానికి ఊరూరా సంఘం, ఎదుటే పరీక్ష, వేళకు డబ్బు ఆధారమయ్యాయి.

మాట పైకి వెళ్లే దారి

కొలత ఒక్కటే చాలదు. దూరాన ఉన్నవారికి కష్టం వస్తే చెప్పుకునే చోటు కావాలి. దాణా ధర పెరిగింది, గేదె వట్టిపోయింది, వ్యాను ముందే వెళ్లిపోతోంది. ఇలాంటివి కేంద్రంలో కూర్చున్నవారికి వాటంతట అవి తెలియవు. సహకార సంఘంలో ఊరికో సంఘం, ఆ సంఘం ఎన్నుకున్న ప్రతినిధులు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం ఉండటంలో అర్థమిదే. లెక్కలు అడిగే హక్కు సభ్యులందరికీ ఉంటుంది.

ముల్కనూరు మహిళా డెయిరీకి ఈ అలవాటు ముందే ఉంది. అంతకు పూర్వం 1990ల్లోనే సహవికాస సంస్థ తోడ్పాటుతో ఈ ప్రాంతంలో మహిళల పొదుపు సంఘాలు వెలిశాయి. నెలనెలా కూర్చుని లెక్క చదువుకోవడం, చేతులెత్తి తీర్మానం చేయడం అక్కడే నేర్చారు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు నడుపుకునే వీలు కల్పించింది.

మనకూ వర్తిస్తుంది

కనబడని మనుషులతో పని చేయించేవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వరికోత యంత్రాన్ని పొరుగు జిల్లాకు పంపే యజమాని ఉన్నాడు. హైదరాబాద్‌లో మేస్త్రీ పనులు పట్టి కూలీలను పంపే గుత్తేదారు ఉన్నాడు. రోజుకు పదిసార్లు ఫోను చేసి ఎక్కడున్నావని అడిగితే డ్రైవరుకు విసుగే మిగులుతుంది. అంతకన్నా బయల్దేరేటప్పుడే గంటల మీటరు రీడింగు ఇద్దరూ రాసుకోవాలి. ఎన్ని గంటలకు ఎంత డీజిలు, డ్రైవరుకు ఎంత కూలి అన్నది తేల్చుకోవాలి. రోజుకు ఒక వేళ పెట్టుకుని మాట్లాడాలి. యంత్రం చెడితే ఎంత వరకు సొంతంగా ఖర్చు పెట్టవచ్చో డ్రైవరుకు ముందే చెప్పాలి. లేకుంటే చిన్న బెల్టు తెగినా ఫోను కలిసేదాకా కోత ఆగుతుంది.

కూలి డబ్బు అన్న రోజుకు అందాలి. ఎదుట ఉన్న కూలీ రెండు రోజులు ఆలస్యమైతే వచ్చి అడుగుతాడు. దూరాన ఉన్నవాడు అడగలేడు, పని మానేస్తాడు. పాల సంఘాలు చెల్లింపు తేదీని అంత పట్టుదలగా పాటించేది అందుకే. ఒక్కసారి తప్పితే మర్నాడు ఆ పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి వెళతాయి.

కొత్తగా పాల సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టుకునేవారు భవనం గురించి, ప్రారంభోత్సవం గురించి ముందు ఆలోచిస్తారు. కొలత ఏమిటి, ఎవరి ఎదుట కొలుస్తారు, డబ్బు ఏ తేదీన ఇస్తారు, ఫిర్యాదు ఎవరు వింటారు అన్న నాలుగు ప్రశ్నలకు మొదటి సమావేశంలోనే జవాబు రాసుకోవాలి. ఆ కాగితాన్ని అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. భవనం తర్వాతైనా కట్టుకోవచ్చు.