ట్రౌట్ లేకపోతేనేం, మన గాలానికి కొర్రమీను ఉంది!

ఈమధ్య మా సూర్యాపేట కుర్రాళ్ళ ఫోన్లలో చేపల వేట వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మంచు కొండలు, అద్దంలాంటి ఏరు, మోకాళ్ళ దాకా బూట్లేసుకుని నీళ్ళలో నిలబడ్డ దొర, ఆయన చేతిలో చుక్కల చుక్కల చేప. పేరు ట్రౌట్. అది చూసి ఆన్‌లైన్‌లో రీలూ రాడ్డూ తెప్పించుకున్నవాళ్ళు మా వాడలోనే నలుగురున్నారు. తెప్పించుకున్నాక అందరూ అడిగేది ఒకటే మాట: "అన్నా, ఆ చేప మన మూసీల పడుతదా?"

పడదు తమ్మీ. ఎందుకు పడదో, దాని బదులు ఏం పడతాయో, పడ్డవాటిలో దేన్ని వదిలెయ్యాలో చెబుదామనే ఇది రాస్తున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల నీళ్ళలో గాలం వెయ్యబట్టి నాకు పాతికేళ్ళు దాటింది.

చల్లనీళ్ళ చేప కథ

ట్రౌట్‌లలో మనవాళ్ళు ఎక్కువగా వినేవి రెండు. గోధుమ రంగు మీద ఎర్రటి, నల్లటి చుక్కలుండే బ్రౌన్ ట్రౌట్ యూరప్‌ది. ఒంటి పక్కన గులాబీ రంగు పట్టీ ఉండే రెయిన్‌బో ట్రౌట్ అమెరికా పడమటి తీరంది. వీడియోల్లో కనబడే మూడోది బ్రూక్ ట్రౌట్. పేరులో ట్రౌట్ ఉన్నా అది చార్ అనే దగ్గరి చుట్టాల జాతికి చెందింది.

ఇవేవీ మన దేశానివి కావు. గాలం సరదా ఉన్న ఇంగ్లీషు దొరలు సముద్రం దాటించి తెచ్చి కశ్మీరు ఏళ్ళలో, నీలగిరి వాగుల్లో వదిలారు. నీలగిరుల్లో అవలాంచి దగ్గర ట్రౌట్ పిల్లల్ని పెంచే కేంద్రం 1907లోనే మొదలైంది. హిమాచల్‌లో కులు వైపు తీర్థన్ నదిలో ఇప్పటికీ పర్మిట్ తీసుకుని ట్రౌట్ పడతారు.

ఈ చేపకు 20 డిగ్రీల లోపు నీళ్ళయితేనే సుఖం. నీళ్ళు చల్లగా ఉండి రాళ్ళ మీద ఎగిరిపడుతూ పారితే వాటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది. ట్రౌట్‌కు అది కావాలి. నీళ్ళు 25 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. మా దగ్గర మే నెలలో గాలే 44, 45 డిగ్రీలుంటుంది. చెరువు నీళ్ళలో చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టుంటాయి. అట్లాంటి నీళ్ళలో హాయిగా బతికే చేప ఇంకోటుంది. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు ఎక్కడెక్కడ ఏం పడతాయో చూద్దాం.

మా నీళ్ళు ఇవీ

వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగంతా మోసుకుని, సూర్యాపేట పక్కనున్న మూసీ ప్రాజెక్టులో కాసేపు నిలబడి, మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది మూసీ. ఆ సంగమం దగ్గరే అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి ఉన్నాయి. అక్కణ్ణించి కిందికి పోతే మట్టపల్లి, ఆ తర్వాత పులిచింతల. పులిచింతల కట్టాక ఎగువన చాలా మేర కృష్ణ పారడం తగ్గించి చెరువులా నిలబడింది.

రెండోది సాగర్ ఎడమ కాలువ. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మా ప్రాంతం తీరే మారిపోయింది. మిర్యాలగూడలో ఇన్ని రైసు మిల్లులు లేచాయంటే ఆ కాలువ చలవే. మిల్లులున్నచోట తవుడుకు కొదవ లేదు, తవుడున్నచోట గాలానికి ఎరకు కొదవ లేదు. ఇక మూడోది చెరువులు. సూర్యాపేట సద్దుల చెరువు, కోదాడ పెద్ద చెరువు మొదలుకుని ఊరూరికీ ఒకటి ఉంది.

ఏ చేపకు ఏ ఎర?

బొచ్చె: పెద్ద తల, పైకి తిరిగిన నోరు. నీళ్ళ పైభాగంలో తిరుగుతుంది కాబట్టి బెండు కట్టి ఎరను పైపైనే ఉంచాలి. వేయించిన తవుడు, కొంచెం పల్లిచెక్క, కాస్త బెల్లం కలిపి ముద్ద చేస్తే వాసనకే వస్తుంది.

రవ్వ: కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోతే ఇదే శీలావతి. చేప ఒకటే, సరిహద్దు దాటగానే పేరు మారుతుంది. నీళ్ళ మధ్యలో తిరుగుతుంది. మైదాపిండి ముద్ద, అన్నం ముద్ద తింటుంది. గట్టిగా కొరకదు, చప్పరిస్తుంది. బెండు సన్నగా వణికిందంటే అదే. అప్పుడు తొందరపడి లాగితే ఒట్టి కొక్కెమే చేతికొస్తుంది.

ఎర్రమోసు, బంగారు తీగ: రెండూ అడుగున బురదలో వెతుక్కుని తినేవి. సీసం గుండు కట్టి ఎరను నేలకు దింపాలి. వానపాము వీటికి పంచభక్ష్య పరమాన్నం. బంగారు తీగ మన చేప కాదు. విదేశాల నుంచి వచ్చి మన చెరువుల్లో సంసారం పెట్టింది.

జెల్ల: పొలుసులుండవు, మీసాలుంటాయి. పక్క రెక్కల్లో, వీపు మీద గట్టి ముల్లు ఉంటుంది. కొక్కెం తీసేటప్పుడు అరచెయ్యి అడ్డం పెడితే ముల్లు దిగబడుతుంది. దాని చుట్టం ఇంగిలాయి ముల్లులో విషం కూడా ఉంటుంది. పొడిస్తే చెయ్యంతా గంటల తరబడి సలుపుతుంది. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

బొమ్మిడాయి: దీన్నే పాపెర అనేవాళ్ళూ ఉన్నారు. చూడ్డానికి పాములా ఉంటుంది, మూతి సూదిలా ఉంటుంది. రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది. చీకటి పడ్డాక వానపాముకు వస్తుంది. పులుసు పెడితే దీని ముందు ఏదీ నిలవదని మా ఇంట్లో తీర్పు.

వాలుగ: కృష్ణలో గాలం వేసేవాళ్ళందరి కల ఇది. వెడల్పాటి నోరు, నిండా పళ్ళు, పొడుగాటి మీసాలు. మీటరు దాటి పెరుగుతుంది. బతికున్న పరిగెనో, కోడి పేగులో ఎర కడితే రాత్రి పూట పడుతుంది. మామూలు తంగూసును పళ్ళతో తెంపేస్తుంది, కొక్కెం దగ్గర ఇనుప తీగ ఉండాల్సిందే. ప్రపంచవ్యాప్తంగా ఈ చేప తగ్గిపోతోందని అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో పెట్టింది. మా దగ్గర కూడా ఇదివరకు పడ్డంత పెద్దవి నా గాలానికి పడక చాలా కాలమైంది.

జిలేబి: గాలం నేర్చుకునే పిల్లలకు మొదట పడేది ఇదే. ఎర ఏదైనా సరే తింటుంది. తిలాపియా అనే ఈ ఆఫ్రికా చేప 1952లో మన దేశానికొచ్చింది. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, ఏడాదిలో చాలాసార్లు పిల్లల్ని చేస్తుంది. అందుకే ఏ చెరువులో చూసినా ఇదే. ఎన్ని పట్టినా పాపం లేదు, తృప్తిగా పట్టుకోండి.

ఇక అసలు హీరో

చెరువు అంచున తూటికాడ, గుర్రపుడెక్క పెరిగినచోట నిలబడి చెవిపెట్టి వినండి. ఉన్నట్టుండి "బుడుంగ్" మని ఒక చప్పుడొస్తుంది. అది కొర్రమీను గాలి పీల్చుకున్న చప్పుడు.

మే నెల వేడినీళ్ళలో హాయిగా బతికే చేప ఇదే. దీని తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంటుంది. నీళ్ళలో ప్రాణవాయువు లేకపోయినా పైకొచ్చి గాలి మింగి పోతుంది. చెరువు ఎండితే బురదలో దూరి వాన కోసం కాచుక్కూచుంటుంది. ట్రౌట్ నాలుగు నిమిషాలు నిలవలేని నీళ్ళలో ఇది నాలుగు తరాలు వెళ్ళదీస్తుంది. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందుతో పాటు మింగించేది కూడా కొర్రమీను పిల్లనే.

దీన్ని పట్టడానికి ఇదివరకు చిన్న కప్పను కట్టేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్ కప్పలొచ్చాయి. నాచు మీద దాన్ని ఎగరేస్తూ లాగుతుంటే కింద నుంచి బాంబు పేలినట్టు వచ్చి పడుతుంది. ఆ దెబ్బ ఒక్కసారి చేతికి తెలిస్తే ఇంక ఏ ట్రౌటూ గుర్తురాదు.

ఎర్రటి ఎసరు మీద గాలం వెయ్యకండి

ఇప్పుడు అసలు మాట. వానలు పడగానే కొర్రమీను జంట కడుతుంది. నాచు పక్కకు నెట్టి గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలుతాయి. పిల్లలు బయటికొచ్చాక ఎరుపు కలిసిన నారింజ రంగులో, వందల సంఖ్యలో ఒకే గుంపుగా తిరుగుతాయి. అవీ గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి రావాలి. అప్పుడు నీటి మీద బియ్యం వేసిన ఎసరు మరిగినట్టు ఒకచోట బుడబుడమంటుంది. కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి.

గాలం పట్టినవాడికి ఇంతకంటే తేలికైన వేట లేదు. ఆ ఎర్రటి గుంపు మీదుగా కప్పను ఒకసారి లాగితే చాలు, పెద్దచేప వచ్చి కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల మీదికి ఎవరో వచ్చారన్న కోపంతో. వీడియోల్లో "గ్యారంటీ ట్రిక్" అని చెప్పేది ఇదే. మూడు కిలోల చేపను ఎత్తి పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ తర్వాత నీళ్ళలో ఏమవుతుందో ఏ వీడియోలోనూ ఉండదు. కాపలా పోయిన పిల్లల మీద జెల్లలు, కొంగలు, నీటికాకులు పడతాయి. గుంపు కరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఒక్క చేపను పట్టామనుకుంటాం కానీ ఒక చెరువు రెండేళ్ళ పంటను పట్టుకుపోయినట్టు.

"ప్రభుత్వం ఏటా చేపపిల్లల్ని వదులుతోంది కదా, తగ్గితే వాళ్ళే నింపుతారు" అని ఒక తమ్ముడన్నాడు. నిజమే, 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదిలే పథకం ఉంది. కానీ అందులో ప్రధానంగా వదిలేది బొచ్చె, రవ్వ, ఎర్రమోసు, బంగారు తీగ. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించే పద్ధతి కనిపెట్టాక వాటి పిల్లల్ని కోట్లలో తయారుచెయ్యడం తేలికైంది. కొర్రమీను అంత తేలిగ్గా లొంగదు. పిల్లప్పుడే ఒకదాన్నొకటి తినేస్తాయి. కాబట్టి మన చెరువుల్లో కొర్రమీను ఉండాలంటే ఆ తల్లీ తండ్రీ కాపలా కాయాల్సిందే, మనం కాయనివ్వాల్సిందే.

వాగులకు కొత్తనీరు వచ్చినప్పుడు కూడా ఇదే వరస. ఎదురెక్కే చేపలు కడుపు నిండా గుడ్లతో ఉంటాయి. అలుగు దగ్గర వలలు, బుట్టలు, కర్రలు పట్టుకుని ఊరంతా దిగుతుంది. అదొక పండగ, కాదనను. తినడానికి రెండు తెచ్చుకోవడం వేరు, బస్తాలు నింపడం వేరు. ఇక కరెంటు తీగలు వేసేవాళ్ళు, తోటాలు పేల్చేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. తోటాలతో, విషంతో చేపలు చంపడం నేరమని బ్రిటిష్ ఇండియాలో 1897లోనే చట్టం చేశారు. ఇన్నేళ్ళయినా ఆ మాట మళ్ళీ చెప్పుకోవాల్సి రావడమే సిగ్గు.

గాలం పట్టే ముందు

చెరువు చేప ఎవరిదీ కాదనుకోవద్దు. చాలా చెరువుల్లో హక్కు మత్స్యకారుల సొసైటీది. వాళ్ళు చందాలేసుకుని కాపాడుకునే చేప అది. ముందు వెళ్ళి "కాకా, రెండు గంటలు గాలం వేసుకుంటా" అని అడగండి. మర్యాదగా అడిగితే కాదన్నవాళ్ళు నాకు తక్కువే తగిలారు. పైగా చేప ఏ మూల ఉందో కూడా వాళ్ళే చెబుతారు.

సాగర్ కాలువ గట్టు మీద జాగ్రత్త. సిమెంటు వాలు మీద పాకుడు పడుతుంది. కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు, నీళ్ళ వేగం పైకి కనబడదు. ఈతొచ్చినవాళ్ళను కూడా ఈ కాలువ మింగింది. నీళ్ళు నిండుగా వదిలినప్పుడు గాలం ఇంట్లోనే ఉంచండి. కాలువ కట్టేశాక వంతెనల కింద మిగిలే మడుగుల్లో కావలసినంత చేప ఉంటుంది.

కొర్రమీను కోసం అయితే దీపావళి దాటాక రండి. అప్పటికి పిల్లలు పెద్దవై ఎవరి దారి వాళ్ళు చూసుకుంటాయి. ఈలోపు, ఆషాఢ శ్రావణాల్లో, నీటి మీద ఎర్రటి ఎసరు మరుగుతూ కనబడితే గాలం చుట్టేసి, పక్కనున్న పిల్లవాడికి చూపించండి. "అదిగో, కింద వాళ్ళమ్మా నాన్నా ఉన్నారు" అని చెప్పండి. నేను చూపించిన ప్రతి పిల్లవాడూ ఊపిరి బిగబట్టి చూశాడు. గాలం వెయ్యమని ఒక్కడూ అడగలేదు.