కుంచెకు కరవవుతున్న తొలి మెట్టు

- కోట్లు పలుకుతున్న పల్లె చిత్రాలు
- పల్లెలో కనుమరుగవుతున్న చిత్రకారుడు
- చట్టాలున్నా అందని ఫలం

కామారెడ్డి, ఎల్లారెడ్డి: న్యూయార్క్ నగరంలో 2025 మార్చిలో క్రిస్టీస్ సంస్థ నిర్వహించిన వేలంలో ఎం.ఎఫ్.హుస్సేన్ చిత్రం ‘గ్రామ్ యాత్ర’ సుమారు రూ.118 కోట్లకు అమ్ముడుపోయింది. ఆధునిక భారతీయ చిత్రానికి వేలంలో అప్పటివరకు అంతటి ధర పలకలేదు. 1954లో గీసిన ఈ చిత్రం పొడవు దాదాపు 14 అడుగులు. అందులో ఉన్నదంతా పల్లె బతుకే. వంట చేసే స్త్రీలు, బిడ్డలను సాకే తల్లులు, బండి ప్రయాణం, నేల మీద నిలబడిన రైతు అందులో కనిపిస్తారు. ఆ బొమ్మ గీసిన హుస్సేన్ యౌవనంలో ముంబైలో సినిమా హోర్డింగులకు రంగులు వేసి పొట్టపోసుకున్నవారే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు ఇది దూరపు ముచ్చట కాదు. సమకాలీన చిత్రకళలో తెలంగాణకు పేరు తెచ్చినవారిలో పలువురు ఈ జిల్లా చుట్టుపక్కల ఊళ్లలోనే పుట్టారు. గోడరాతలు, దుకాణాల బోర్డులు, బడిలో డ్రాయింగు పంతులు, నకాషీల వాకిలి పల్లె పిల్లలకు కళలో తొలి మెట్టుగా ఉండేవి. ఆ మెట్టు ఇప్పుడు ఒక్కో రాయిగా కూలిపోతోంది.

ఇరుగుపొరుగునే దిగ్గజాలు

కామారెడ్డికి పొరుగున ఉన్న మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించారు కె.లక్ష్మాగౌడ్. హైదరాబాద్ లలిత కళల కళాశాలలో చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రణ, ముద్రణకళ అభ్యసించారు. లోహపు రేకుకు మైనం వంటి పూత పూసి, సూదితో గీతలు గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోట మాత్రమే రేకు కరుగుతుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితంపై అద్దుతారు. ఎచింగ్ అనే ఈ పద్ధతిలో ఆయన మేకలను, చెట్లను, పల్లె స్త్రీపురుషులను దేశమంతటికీ చూపించారు. 2016లో ఆయనను పద్మశ్రీ వరించింది.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠం పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లని మేనిఛాయ గల తెలంగాణ స్త్రీని కాన్వాసుపై నిలబెట్టారు. ఊరికి వచ్చిన నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగవారి అలంకరణ చిన్ననాట ఆయన మనసులో ముద్రపడింది. బి.నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చిత్రానికి కళాదర్శకుడిగా ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు.

సిద్దిపేటలో 1925లో జన్మించి 2012లో కన్నుమూసిన కాపు రాజయ్య డ్రాయింగు ఉపాధ్యాయుడు. నకాషీ చిత్రకారుల పద్ధతిని ఆకళించుకొని బోనాలు, పండుగలు, శ్రమజీవుల బొమ్మలు గీశారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని 2014లో రూపొందించిన ఏలె లక్ష్మణ్ నల్గొండ ప్రాంతపు పల్లెబిడ్డ. ఆయన ప్రస్థానమూ బోర్డులు రాయడంతోనే మొదలైంది.

గోడ పోయి ఫ్లెక్సీ వచ్చె

ఒకప్పుడు కామారెడ్డి బజారులోనైనా, ఎల్లారెడ్డి బస్టాండు ఎదుటనైనా కిరాణా దుకాణం పేరు మొదలు ఎన్నికల గోడరాత వరకు పెయింటరు చేతిమీదుగానే సాగేది. అక్షరానికి కొలత, రంగుకు రంగు కలిపే నేర్పు, నీడ దిద్దే ఒడుపు శిష్యుడికి నిచ్చెన పట్టుకొని నిలబడగానే అబ్బేవి. ఫ్లెక్సీ యంత్రం రావడంతో రెండు రోజుల పని గంటలో ముగుస్తోంది. ధరలో పోటీ పడలేక ఎందరో కుంచె పక్కన పెట్టి ఇళ్లకు సున్నాలు వేసే పనికి మళ్లారు. ఇప్పుడు కృత్రిమ మేధ నాలుగు మాటలు చెబితే నిమిషంలో బొమ్మ చూపుతోంది. దెబ్బ తగిలేది మొదట పేరున్న చిత్రకారుడికి కాదు, పెళ్లిపత్రికకు, బడి గోడకు బొమ్మ వేసి బతికేవాడికి.

నకాషీ కళదీ ఇదే దారి. చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి ఖాదీ గుడ్డకు పూసి, ఎర్రని నేపథ్యంపై కులపురాణాలు చిత్రించే ఈ పటాలు గజాల కొద్దీ పొడవుండేవి. వాటిని విప్పుతూ కథ చెప్పే బృందాలకు ఆదరణ తగ్గడంతో పటం కురచై గోడకు తగిలించే బొమ్మగా మారింది. భౌగోళిక గుర్తింపు దక్కినా, సిద్దిపేట జిల్లా చేర్యాలలో కొద్ది కుటుంబాలే ఈ పని చేస్తున్నాయి.

చట్టం ఏమంటోంది

చిత్రకారుడు తొలినాళ్లలో కొద్దిపాటి సొమ్ముకు అమ్మిన బొమ్మ తర్వాత లక్షలు పలికితే లాభం ఎవరిది? 1957 కాపీరైట్ చట్టంలోని 53-ఎ సెక్షన్ దీనికి జవాబు చెబుతోంది. అసలు చిత్రం రూ.10 వేలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే అందులో వాటా పొందే హక్కు చిత్రకారుడికి, ఆయన వారసులకు ఉంటుంది. ఆ వాటా పది శాతానికి మించరాదు. అయితే ఆచరణలో ఈ సెక్షన్ ఫలం అందుకున్నవారు అరుదు. బొమ్మ అమ్మేటప్పుడు తేదీ, కొలతలు, ధర, కొన్నవారి వివరాలు రాసిపెట్టుకుంటేనే రేపు హక్కు అడగడానికి ఆధారం ఉంటుంది.

చేతితో గీసిన చిత్రాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. ఈ నిషేధం పట్టణాల్లో, మండల కేంద్రాల్లో గట్టిగా అమలైతే చేతిరాత పెయింటరుకు కొంత పనైనా తిరిగి దక్కుతుంది.

బడిలోనే మొదలు కావాలి

ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడిలో చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగులో లోయర్, హయ్యర్ గ్రేడ్ టెక్నికల్ పరీక్షలు నిర్వహిస్తోంది. ఆసక్తి గల విద్యార్థులు వీటిని రాసి, ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్ఏ ప్రవేశానికి ప్రయత్నించవచ్చు. ఈ దారి ఉందని పల్లె బడిలో చెప్పేవారు ఉండాలి. డ్రాయింగు పంతులు లేని చోట ఆ మాట పిల్లల చెవిన పడదు.

చూసే చోటు ఏదీ?

పొరుగు పల్లెల బతుకును చిత్రించిన ఈ కళాకారుల అసలు బొమ్మలు చూడాలంటే ఇక్కడి విద్యార్థి వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్లవలసిందే. జిల్లాకు కళాసంపద లేదనడానికి వీల్లేదు. దోమకొండ గడికోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. ఎల్లారెడ్డి డివిజన్‌లోని లింగంపేట నాగన్న బావి రాతి మెట్ల సొగసుకు పెట్టింది పేరు. ఏడాదికి ఒకసారి ఇటువంటి చోట బడిపిల్లలకు చిత్రకళా శిబిరం పెట్టి, పాత పెయింటర్లను గురువులుగా కూర్చోబెట్టడానికి కోట్లు అవసరం లేదు. జిల్లా యంత్రాంగం, విద్యాశాఖ పూనుకుంటే చాలు.

పల్లె బొమ్మకు న్యూయార్క్‌లో విలువ కట్టారు. ఆ బొమ్మ గీయగల చేయి రేపటికీ మిగలాలంటే ముందు పల్లెలోనే విలువ కట్టాలి.