వార్తల్లో పదం: కంకషన్ అనంతర తలనొప్పి

తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపునకు లోనై, కొంతకాలం దాని పనితీరు మందగించడాన్ని కంకషన్ అంటారు. ఆ గాయమైన 7 రోజుల్లోపు మొదలయ్యే తలనొప్పే కంకషన్ అనంతర తలనొప్పి; అది 3 నెలలు దాటితే దానిని దీర్ఘకాలికంగా పరిగణిస్తారు. పిల్లలకు, కౌమారులకు తొలి 24 నుంచి 48 గంటలు విశ్రాంతినిచ్చి, ఆపై చదువును, నడకను క్రమంగా పెంచుతూ, వేళకు నిద్ర, నీరు, ఆహారం అందేలా చూడడం చికిత్సకు పునాది. బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వవచ్చు గాని, నెలకు 15 రోజులకు మించి నెలల తరబడి వాడితే ఆ మందే తలనొప్పికి కారణం కావచ్చు. పదేపదే వాంతులు, మూర్ఛ, మగత కనిపిస్తే, విశాఖపట్నం పూర్ణా మార్కెట్ ప్రాంత కుటుంబాలు మందుల దుకాణంతో సరిపెట్టుకోక, చేరువలోనే 1923 నుంచి సేవలందిస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రికి బిడ్డను వెంటనే తరలించాలి.