ఖజానా తాళపుచెవి ఎవరి చేతిలో?

ఉమ్మడి కుటుంబమున సంపాదించువారు పలువురు, వెచ్చించువారు పలువురు. అయినను ఇనుపపెట్టె తాళపుచెవి మాత్రము ఒకరి చేతనే ఉండును. వారికి అక్కర యేమో చెప్పి, పద్దు వ్రాయించినగాని రూపాయి వెలికి రాదు. భారతదేశపు ఇనుపపెట్టెకును అట్టి కట్టుబాటు కలదు. ఎంతటి మంత్రి కోరినను పార్లమెంటు అనుమతి లేక ఆ పెట్టెనుండి సొమ్ము తీయరాదు. బడ్జెటు దినములలో వార్తలయందు మేము చదువు పద్దులు, కోత తీర్మానములు, గిలటిన్ అను మాటలన్నియు ఈ తాళపుచెవికి సంబంధించినవే. వాని అర్థమును శ్రోతలకు కొంత విశదపరచుట మా ఉద్దేశము.

మన రాజ్యాంగమున 265వ అధికరణము ఒక్క వాక్యమే. చట్టము అనుమతింపనిదే ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని దాని భావము. వసూలైన పన్నులు, ప్రభుత్వము తెచ్చిన అప్పులు, ఇచ్చిన అప్పులపై తిరిగి వచ్చిన సొమ్ము 266వ అధికరణము ననుసరించి సంచిత నిధి యందు చేరును. సొమ్ము లోనికి వచ్చు ద్వారమునకును, వెలుపలికి పోవు ద్వారమునకును పార్లమెంటే కావలి.

ఇక సొమ్ము తీయు విధానము చూతము. ఏటేటా రాబడి వ్యయముల అంచనాను ఉభయసభల ముందు ఉంచవలెను. 2017 నుండి ఇది ఫిబ్రవరి 1వ తేదీన జరుగుచున్నది. పిదప సభలకు కొంత విరామము. ఆ విరామమున 24 స్థాయీ సంఘములు తమకు అప్పగింపబడిన శాఖల పద్దులను పరిశీలించును. ఒక్కొక్క సంఘమున లోక్‌సభ సభ్యులు 21 మంది, రాజ్యసభ సభ్యులు 10 మంది ఉందురు. అటుపిమ్మట పద్దులు లోక్‌సభలో ఓటుకు వచ్చును.

సభ ఒక పద్దును ఆమోదింపవచ్చును, తగ్గింపవచ్చును, తిరస్కరింపవచ్చును. పెంచుటకు మాత్రము వీలులేదు. ఒక శాఖ పద్దును ఒక్క రూపాయికి తగ్గింపుడని సభ్యుడు తీర్మానము తెచ్చినచో ఆ శాఖ విధానమునే నిరసించుచున్నాడని అర్థము. నూరు రూపాయలు మాత్రము తగ్గింపుడన్నచో ఏదో యొక ప్రత్యేకమైన ఇబ్బందిని సభ దృష్టికి తెచ్చుచున్నాడని అర్థము. ఆగిపోయిన వంతెన గూర్చియో, వైద్యుడు లేని ఆసుపత్రి గూర్చియో మాటాడుటకు ఆ నూరు రూపాయలు త్రోవ చూపును. న్యాయమూర్తుల జీతములు, రాష్ట్రపతి వేతనము, ప్రభుత్వ ఋణములపై వడ్డీ వంటివానిని చర్చింపవచ్చును గాని ఓటుకు పెట్టరు. తీర్పు నచ్చలేదని న్యాయమూర్తి జీతమును కోయు అవకాశము ఎవ్వరికిని ఉండరాదు గదా!

పద్దులు ఆమోదింపబడిన పిమ్మట ద్రవ్య వినిమయ బిల్లు రావలెను. అది చట్టమైన తరువాతనే పెట్టె తెరచుకొనును. ఇట్టి ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 దినములలో తిరిగి పంపవలెను. ఆ సభ సూచనలు చేయవచ్చును. వానిని గైకొనుట, మానుట లోక్‌సభ ఇష్టము. ప్రజలు నేరుగా ఎన్నుకొన్న సభకే సొమ్ముపై తుదిమాట ఉండవలెనని రాజ్యాంగ నిర్మాతలు తలంచిరి.

75వ అధికరణము ప్రకారము మంత్రివర్గము లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించవలెను. పద్దు ఓడిపోయినచో ప్రభుత్వమే ఓడినట్లు. సభ విశ్వాసము ఎంత సన్నని దారముపై నిలుచునో 1999 ఏప్రిల్ 17న దేశము చూచెను. విశ్వాస తీర్మానమునకు అనుకూలముగా 269, ప్రతికూలముగా 270 ఓట్లు వచ్చి ప్రభుత్వము పడిపోయెను. నాడు సభాపతి స్థానమున అమలాపురమునుండి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి గారు ఉండిరి. ఓట్లు సమానమైనప్పుడే సభాపతి ఓటు వేయవలెనన్న నియమము వలన ఆయన ఓటు అవసరము కాలేదు. ప్రభుత్వము పడిపోయినను జీతములు, పింఛనులు ఆగరాదు. అందుచేత లోక్‌సభ రద్దగుటకు ముందే ఆ ఏటి పద్దులు చర్చ లేకయే ఆమోదము పొందెను.

చర్చ లేక ఆమోదించు ఈ పద్ధతికే గిలటిన్ అని పేరు. పద్దులు సుమారు నూరు ఉండును, కాలము స్వల్పము. చర్చకు కేటాయించిన గడువు ముగియగానే మిగిలిన పద్దులనన్నింటిని సభాపతి ఓటుకు పెట్టును. కొంతవరకు ఇది తప్పనిసరి. కాని 2018లోను, 2023లోను సభలో గందరగోళము నడుమ ఒక్క శాఖ పద్దుపై నైనను చర్చ జరుగలేదు. అన్నియు గిలటిన్ క్రిందనే పోయెను. చట్టరీత్యా ఇందు దోషము లేదు. అయినను ఎందులకని అడుగక పెట్టె తెరచు ఇల్లాలి చేతిలో తాళపుచెవి ఉండియు లేనట్లే.

ఖర్చైన పిదప నైనను అడుగువారు కలరు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లెక్కలు తనిఖీ చేసి ఇచ్చు నివేదికలను 22 మంది సభ్యుల ప్రజాపద్దుల సంఘము పరిశీలించును. మంత్రులెవ్వరును ఇందు సభ్యులు కారాదు. 1967 నుండి ప్రతిపక్ష సభ్యుని దీనికి అధ్యక్షునిగా నియమించు సంప్రదాయము నడచుచున్నది. కాని జరిగిన వ్యయమునకు సంజాయిషీ అడుగుట వేరు, జరుగక మునుపే హెచ్చరించుట వేరు. కారిపోయిన కుండకు లెక్క వ్రాసినంతమాత్రమున నీరు తిరిగి రాదు.

కావున పద్దులు ఆమోదము పొందినవని మేము వార్తలలో చదివినప్పుడు శ్రోతలు అంతటితో తృప్తి చెందరాదు. ఎన్ని శాఖల పద్దులు చర్చకు వచ్చినవి? మన ప్రతినిధి దేనిపైనైనను నోరు విప్పెనా? పార్లమెంటు చర్చలు ముద్రితమై అందరికిని లభించుచున్నవి. ఆ ప్రశ్నలకు సమాధానము అందు దొరకును. పెట్టెలోని సొమ్ము మనది గనుక అడుగు హక్కును మనదే.