పగిలిన కుండ – పచ్చని తాబేలు

ఇంట కుండ పగిలినచో పెంకులను దొడ్డిలో గోడవారగా పాఱవేయుట మన వాడుక. ఒక వర్షకాలము గడచిన పిమ్మట వానిని మరల చూచినచో నొక వింత కనబడును. ఎవ్వరును విత్తకయే, ఎవ్వరును నీరు పోయకయే, వానిపై పట్టువస్త్రము పఱచినట్లు పచ్చని నాచు మొలచి యుండును. మనము పనికిరాదని విడిచినదానిని ప్రకృతి తన తోటలో చేర్చుకొన్నది. ఈ పనిలో మనమును కొంచెము చేయి కలిపినచో, ఇంటి చెత్తతోడనే తోటకు వినోదకరములైన బొమ్మలను చేసికొనవచ్చును.

చెత్తతో బొమ్మలా యని నవ్వువారికి చండీగఢ్ నగరమునందలి శిలోద్యానమే సమాధానము. నేక్‌చంద్ అను రహదారి శాఖ ఉద్యోగి 1957వ సంవత్సరము మొదలు, తీరిక వేళలయందు, పగిలిన గాజులు, పింగాణి ముక్కలు మున్నగు వానిని ప్రోగుచేసి, అడవిలో నెవ్వరికిని తెలియకుండ మనుష్యులను, మృగములను, పక్షులను నిర్మించెను. చాల ఏండ్లకు గాని యీ సంగతి అధికారులకు తెలియలేదు. అనుమతిలేని కట్టడమని కూల్చివేయవలసిన దానిని ప్రజల మెప్పు కాపాడెను. 1976లో నది యెల్లరకు తెఱవబడెను.

ఇక నాచు సంగతి. నూతిగట్టున కాలు జాఱించు జిగురు పాచి వేఱు. గోడలపై మఖమలువలె నుండు నాచు వేఱు. ఈ రెండవ దానికి చిన్న కాడలును, ఆకులును గలవు. నిజమైన వేళ్లు లేవు. నూలుపోగులవంటి తంతువులతో రాతిని పట్టుకొనును. నీటిని ఆకులతోడనే త్రాగును. పూవులు, విత్తులు లేవు. సన్నని ధూళివంటి బీజరేణువులచే వ్యాపించును. త్రుంచిన ముక్కలనుండియు మరల పెరుగును. ఈ కడపటి గుణమే మనకు ఆధారము.

బొమ్మకు తాబేలు మిక్కిలి సులభము. పగిలిన కుండ అడుగుభాగమును బోర్లించినచో అదియే దాని చిప్ప. ఒక చిన్న ముంత తల. నాలుగు పెంకు ముక్కలు కాళ్లు. కొబ్బరితాటి ముక్క తోక. ఇనుప తీగతో వీనిని బిగించి, అంచులు చేతులను కోయకుండ ముందే రాతిపై నఱుగదీయవలెను. రెండు పాళ్లు బంకమట్టి, ఒక పాలు ఎండిన పేడపొడి నీటితో కలిపి, పాత గోనెగుడ్డను అందులో ముంచి చిప్పపై కప్పి దారముతో చుట్టవలెను. నునుపైన గాజు మీదను, పింగాణి మీదను నాచు నిలువదు; గరుకుగా నుండి తడిని పీల్చునదే దానికి తగిన నెలవు. మేము మా తాబేలునకు గోళీలు కన్నులుగా నుంచి, ఉపాధ్యాయులు విడిచిన విఱిగిన కండ్లద్దములను తగిలించితిమి. అది చూచి నవ్వనివారు లేరు.

మృగశిర కార్తెలో పని మొదలిడుట మేలు. సున్నము వేయనున్న గోడలపై నాచును అఱచేయంత మాత్రమే గీచి తెచ్చి, వ్రేళ్లతో నలిపి, తడి గోనెపై అద్ది, చెట్టునీడ నుంచవలెను. అడవులలోని నాచును పెల్లగింపరాదు. అది పురుగులకును, నేలతడికిని రక్ష. ఉదయ సాయంకాలములందు నీరు చిలుకరించుచుండిన, వానకాలము ముగియులోపల పచ్చదన మలముకొనును. నీరు నిలుచు గుంట లేవియు బొమ్మలో నుండరాదు. అచట దోమలు పెరుగును.

కొందఱు నాచును మజ్జిగలో నూఱి పూయుమందురు. మేమట్లు చేయగా మూడవ నాటికి చీమలు పట్టెను, వారము దినములకు బూజు పట్టెను. దానిని కడిగి మంచినీటితోనే మరల మొదలుపెట్టితిమి.

వేసవి వచ్చెను. సెలవులకు ఇండ్లకు పోయి, తిరిగి వచ్చునప్పటికి మా తాబేలు గోధుమవన్నె దాల్చి, పొడిపొడిగా నుండెను. చచ్చినదని నిశ్చయించి పాఱవేయుటకై ఎత్తితిమి. తోటమాలి అడ్డువచ్చి, “తొలకరి దాకా ఆగండి బాబూ” అనెను. అయిష్టముగనే ఆగితిమి. మొదటి వాన కురిసిన నాడే ఆ యెండిన పొరలు విచ్చుకొని, సాయంకాలమునకు పచ్చబడినవి. నాచు నీరు లేనప్పుడు తన జీవక్రియలను ఆపివేసికొని వేచియుండుననియు, తడి తగిలినంతనే మరల ప్రారంభించుననియు పిదప తెలిసికొంటిమి.

సోదర విద్యార్థులారా! పగిలిన కుండను పనికిరాదంటిమి. ఎండిన నాచును చచ్చినదంటిమి. రెండుమాఱులును మనమే పొరబడితిమి. తరగతిలో వెనుకబడిన తోటివానిని గూర్చియు ఇట్టి తీర్పునే చెప్పబోవు నప్పుడు, నీడయు, తడియు, కొంత కాలమును వానికి లభించినవా యని ఒక్కమా ఱాలోచింపుడు. కండ్లద్దముల తాబేలు బావిచెంత చెట్టుక్రింద నున్నది. పోయి చూడుడు.